ఎల్క్ వేటకు రైఫిల్ కూర్పించుకోవాలనుకుంటున్నాను: ఏ భాగం మీద ఎంత ఖర్చు పెట్టాలి?

ప్రశ్న – ఫోర్ట్‌కాలిన్స్ వాసి

అందరికీ నమస్కారం. నాకు గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్లయింది. నిరుడు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తిచేసి, సహోద్యోగి ఒకరి వెంట కొలరాడో కొండల్లో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లి వచ్చాను. ఆయన ఇచ్చిన .300 వించెస్టర్ మాగ్నమ్ రైఫిల్ నా ఒంటికి ఏ విధంగానూ సరిపోలేదు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. రైఫిల్ మడమ (భుజానికి ఆనించే భాగం, స్టాక్) పొడవు ఎక్కువ కావడంతో స్కోపులో దృశ్యం నిండుగా కనబడడానికి మెడ సాచవలసి వచ్చింది. అభ్యాసానికి వెళ్లిన రోజున ఆరో తూటా పేల్చే సమయానికి, తన్నుకు (పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బకు) బెదిరి, ట్రిగ్గర్ పూర్తిగా లాగకముందే నా కన్ను దానంతటదే మూసుకుపోయింది.

అందువల్ల యాక్షన్ (తూటాను లోపలికి తోసి పేల్చే యంత్రభాగం), గొట్టం, మడమ విడివిడిగా కొని, గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) చేత కూర్పించుకోవాలని ఆలోచిస్తున్నాను. స్కోపుతో కలిపి 3,000 డాలర్లకు మించి పెట్టలేను. రెమింగ్టన్ 700 యాక్షన్ తీసుకోవడం మంచిదేనా? కార్బన్ చుట్టిన గొట్టానికి అంత ధర పెట్టవచ్చునా? ఎల్క్ వంటి పెద్ద జంతువుకు 6.5 క్రీడ్‌మూర్ తూటా చాలుతుందా?

సమాధానం 1 – పాతగురి

మీరు యాక్షన్ దగ్గర మొదలుపెట్టారు; నా ఉద్దేశంలో తూటా దగ్గర మొదలుపెట్టాలి. యాక్షన్ పొడవు, బోల్టు ముఖం (తూటా అడుగును పట్టుకునే చోటు) కొలత, గొట్టంలోని మెలిక (గుండును గిరగిర తిప్పే లోపలి గాడుల చుట్టు) అన్నీ తూటాను బట్టి తేలేవే. .308 వించెస్టర్, దాని కుటుంబంలోని .243, 7ఎంఎం-08, వాటితోపాటు 6.5 క్రీడ్‌మూర్, ఈ నాలుగూ పొట్టి యాక్షన్‌లో ఇమిడిపోతాయి, నాలుగింటికీ 0.473 అంగుళాల బోల్టు ముఖమే సరిపోతుంది. కాబట్టి ఈరోజు ఒక తూటాకు కూర్పించుకున్నా, పదేళ్ల తరువాత గొట్టం మాత్రం మార్చి మరొకదానికి వెళ్లవచ్చు. .30-06కూ .270కీ బోల్టు ముఖం అదే అయినా పొడవాటి యాక్షన్ కావాలి.

కొలరాడో నిబంధన ప్రకారం ఎల్క్‌కు గుండు (తూటా నుంచి ఎగిరి వెళ్లి తగిలే భాగం) కనీసం 85 గ్రెయిన్ల (గుండ్లను తూచే చిన్న తూనిక) బరువుండి, తగిలాక విచ్చుకునే రకమై ఉండాలి; 100 గజాల వద్ద కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి మిగలాలి. 6.5 క్రీడ్‌మూర్ దీన్ని సునాయాసంగా దాటుతుంది. అయితే నేను మీ స్థానంలో ఉంటే 1980లో వచ్చిన 7ఎంఎం-08 ఎంచుకుంటాను. మీరు వాడిన మాగ్నమ్‌తో పోలిస్తే దాని తన్ను చాలా తక్కువ, గుండు మాత్రం 6.5 కంటే కొంచెం లావు. రాగి గుండ్లు వాడే ఆలోచన ఉంటే గొట్టం ఆర్డరు చేసే ముందే గన్‌స్మిత్‌కు చెప్పండి. అదే బరువున్న సీసం గుండు కంటే రాగి గుండు పొడవుగా ఉంటుంది కనుక దానికి బిగువైన మెలిక కావాలి.

గొట్టం 22 అంగుళాల మామూలు స్టెయిన్‌లెస్ ఉక్కుది చాలు. కార్బన్ చుట్టినది తేలికే, కానీ రెండు మూడు తూటాలకు మించి పేల్చని వేటలో ఆ ధరకు తగిన ఫలం నాకు కనబడలేదు.

రెమింగ్టన్ 700 అయితే 1962 నుంచి ఉన్నది. ఆ కొలతలకు సరిపోయే మడమలు, ట్రిగ్గర్లు దొరికినన్ని మరి దేనికీ దొరకవు. గొట్టం బిగించే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. తూటా కూర్చునే గది కొలత సరిచూసే గో గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, నో-గో గేజ్ మీద మూసుకోకూడదు. ఆ పరీక్ష జరగని రైఫిల్‌ను పేల్చడం ముఖం దగ్గర ప్రమాదం పెట్టుకోవడమే. ఇంకొక మాట: చట్టం దృష్టిలో తుపాకీ అంటే వరుస సంఖ్య ఉన్న రిసీవర్ (యాక్షన్ బయటి ఉక్కు చట్రం) ఒక్కటే. అది లైసెన్సున్న దుకాణానికే వస్తుంది. తుపాకీ కొనేవారు నింపే కేంద్ర ప్రభుత్వ 4473 ఫారం నింపాలి, కొలరాడోలో కనీసం మూడు రోజులు ఆగాలి. గొట్టం, మడమ, ట్రిగ్గర్ నేరుగా మీ ఇంటికే వస్తాయి.

సమాధానం 2 – మోంటానా కోడలు

పాతగురి గారు తూటా గురించి చెప్పినదంతా సరే, కానీ ప్రశ్న అడిగినవారి అసలు కష్టం మడమది. నేను ఐదడుగుల రెండంగుళాల మనిషిని. ఫ్యాక్టరీ మడమలు ఎక్కువగా 13.5 అంగుళాల అటూ ఇటూ ఉంటాయి, నాకు 12.5 కావలసి వచ్చింది. మోచేతిని వంచి, ఆ మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా కొలవండి, ఉజ్జాయింపు తెలుస్తుంది. చలికోటు వేసుకునే కొలవాలి, ఎందుకంటే వేటలో భుజం మీద ఆ మందం కూడా ఉంటుంది. చెంప ఆనించే ఎత్తు సరిపోకపోతే ఎంత ఖరీదైన గొట్టమైనా మీ మెడనొప్పి తీర్చదు.

ట్రిగ్గర్ లాగడానికి కావలసిన బలం రెండున్నర, మూడు పౌండ్ల కంటే తగ్గించవద్దు. చేతితొడుగులు వేసుకున్న వేలికి అంతకంటే తేలికైన ట్రిగ్గర్ మీద అదుపుండదు. చెక్క మడమ అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ తేమకు ఉబ్బి గొట్టానికి ఆనుకుంటే గురి మారుతుంది.

స్కోపు బిగింపు విషయంలో నా తప్పు నేనే చెప్పుకుంటాను. మొదటి రైఫిల్‌కు మరలు చేతి అంచనాతో బిగించాను. రెండో రోజు తెల్లవారుజామున 200 గజాల లోపు నిలబడిన ఆడ ఎల్క్ మీద గురి పూర్తిగా తప్పింది. గుడారానికి వచ్చి చూస్తే స్కోపు అడుగున ఉన్న బేస్ మర నా గోటితో తిరిగింది. అప్పటినుంచి మర బిగింపును అంగుళ-పౌండ్లలో కొలిచే టార్క్ రెంచి లేకుండా ఒక్క మర కూడా ముట్టలేదు. స్కోపు 40 మిల్లీమీటర్ల కటకంతో తేలికైనది చాలు. దాన్ని ఆరు రెట్ల వద్ద పెట్టుకుంటే కంటికి చేరే వెలుగు వలయం ఆరున్నర మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. సూర్యోదయానికి అరగంట ముందు మొదలయ్యే వేట సమయానికి అది సరిపోతుంది.

సమాధానం 3 – లెక్కలమనిషి

అసలు కూర్పించుకోవడం అవసరమా? ఫ్యాక్టరీలోనే పూర్తిగా తయారై వచ్చే టిక్కా టీ3ఎక్స్ రైఫిల్ తీసుకుంటే 100 గజాల వద్ద మూడు తూటాలు సుమారు ఒక అంగుళంలో పడతాయని తయారీదారే హామీ ఇస్తాడు; పొట్టి మడమ ఉన్న రకం కూడా ఉంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తుల ప్రదేశం దానికి ఎన్నో రెట్లు పెద్దది. మిగిలిన డబ్బు తూటాలకు పెట్టి వేసవి అంతా అభ్యాసం చేయండి.

చదివేవారిలో హెచ్1బీ వీసా మీద ఉన్నవారికి ఒక హెచ్చరిక: ఆ వీసా మీద తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ లైసెన్సు గడువు తీరిన రోజునే ఆ మినహాయింపూ తీరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మా ఆవిడ కుట్టు టేపుతో కోటు మీదే కొలిస్తే 12 ముప్పావు వచ్చింది. లెక్కలమనిషి గారి మాట విని టిక్కా కూడా దుకాణంలో భుజానికెత్తి చూశాను. పొట్టి రకం పొడవు సరిపోయింది, కానీ చెంప ఆనే చోటు నాకు పల్లంగా ఉంది. కాబట్టి కూర్పించుకోవడానికే నిశ్చయించుకున్నాను: పాత రెమింగ్టన్ 700 పొట్టి యాక్షన్, 7ఎంఎం-08లో 22 అంగుళాల ఉక్కు గొట్టం, చెంప ఎత్తు సర్దుకునే ఫైబర్‌గ్లాస్ మడమ. కార్బన్ గొట్టం మానుకున్నందువల్ల మిగిలిన డబ్బు స్కోపుకూ టార్క్ రెంచికీ పోతుంది. రైఫిల్ చేతికొచ్చిన రోజున, గొట్టం మడమకు ఆనుకోలేదని తేల్చుకోవడానికి, రెంటి మధ్య డాలరు నోటు దూర్చి, చివరిదాకా అడ్డం లేకుండా జారుతున్నదో లేదో చూసి ఇక్కడే రాస్తాను.