22 కుండీలు, 41 ఊలు ముక్కలు, ఎటో పోయిన సంతోషం

చామంతి:

నమస్కారం. నేను ఇంటి నుంచే ఒక సంస్థకు లెక్కలు రాస్తాను. రోజంతా అంకెలతోనే గడుస్తుంది. చేతులకు వేరే పని కూడా ఉండాలని పది నెలల క్రితం రెండు మొదలుపెట్టాను. ఒకటి వరండాలో మొక్కలు, రెండోది క్రోషియా అల్లిక.

మొదటి బంతి మొలక వచ్చిన ఉదయం నాకింకా గుర్తుంది. మెడ వంచుకుని మట్టిని పగలదీసి లేచింది. గింజ తొక్క ఆకు చివర టోపీలా అతుక్కునే ఉంది. తీసేద్దామని వేలు పెట్టబోయి, ఆకు తెగుతుందేమోనని ఆగిపోయాను. మధ్యాహ్నానికి అదే రాలిపోయింది. ఆ రోజు పని మధ్యలో మూడుసార్లు లేచి వెళ్లి చూశాను. ఇంత చిన్న విషయానికి ఇంత సంతోషమా అని నాకే ఆశ్చర్యం వేసింది.

ఇప్పుడు కుండీలు 22 అయ్యాయి. రోజూ పొద్దున్నే బకెట్టు మోస్తూ అన్నింటికీ నీళ్లు పోయడానికి 40 నిమిషాలు పడుతోంది. పోస్తున్నంతసేపూ ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నాను. ఇంత చేసినా సగం మొక్కల ఆకులు పసుపు పచ్చగా మారి రాలుతున్నాయి. బంతి మొక్కలైతే పూసినవి పూసి ఎండిపోయాయి. వాటిని చూస్తే చేయకూడని తప్పేదో చేసినట్టుగా ఉంటోంది.

అల్లిక సంగతి ఇంకా బరువు. మంచం మీదికి దుప్పటి అల్లాలనుకున్నాను. 5 అంగుళాల చదరపు ముక్కలు వరుసకు 12 చొప్పున 17 వరుసలు, మొత్తం 204. ఇప్పటికి 41 అయ్యాయి. ఒక్కో ముక్కకు 40 నిమిషాలు. మిగిలిన 163 ముక్కలకు ఎంత సమయం పడుతుందో ఒక రాత్రి లెక్క వేశాను. దాదాపు 109 గంటలు. ఆ అంకెను పుస్తకంలో రాసుకున్న రోజు నుంచి బుట్ట మూత తీయలేదు. రెండు నెలలైంది. పైగా ఒక్కో ముక్కలో మూడు రంగులు, అంటే ఆరు దారపు కొసలు. 41 ముక్కలకు 246 కొసలు వేలాడుతున్నాయి, ఒక్కటీ లోపలికి దాచలేదు.

సంతోషం కోసం మొదలుపెట్టిన పనే బరువైతే మీరేం చేశారు? తగ్గించుకున్నారా, మానేశారా, ఓపిక పట్టారా? మొక్కలను ఎవరికైనా ఇచ్చేద్దామంటే ప్రాణమున్నవాటిని వదిలించుకున్నట్టు ఉంటుంది. అల్లినది విప్పేద్దామంటే చేతులు రావడం లేదు.

పెరటిదారి:

ముందు పసుపు ఆకుల సంగతి చెప్తానండి, ఎందుకంటే మీ బాధలో సగం అక్కడే ఉంది. రోజూ అన్నింటికీ ఒకేలా నీళ్లు పోయడమే కారణం కావచ్చు. వేళ్లకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే గాలి నిలిచే సందులన్నీ నీటితో నిండిపోతాయి. వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పైకి అందించలేదు కాబట్టి మొక్క వాడిపోతుంది. వాడిందని మనం ఇంకాస్త పోస్తాం. నేను ఒక మందారాన్ని అచ్చం ఇలాగే చంపుకున్నాను. కుండీ నుంచి తీసి చూస్తే వేళ్లు గోధుమ రంగులో మెత్తబడి, పట్టుకుంటే తోలు ఊడి వచ్చాయి.

రేపటి నుంచి బకెట్టు పట్టుకునే ముందు ఒట్టి చేతులతో వెళ్లండి. చూపుడు వేలును రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. చల్లగా, తడిగా తగిలితే ఆ కుండీని వదిలేయండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా నిదానంగా పోయండి. చిన్న కుండీలైతే ఎత్తి చూసినా తెలుస్తుంది, ఎండిన మట్టి తేలిగ్గా ఉంటుంది. వారం రోజుల్లో మీ చేతికే బరువు తెలిసిపోతుంది.

ఇక బంతి. అది ఏడాది లోపే బతుకు ముగించుకునే మొక్క. మొలిచి, పూసి, గింజ కట్టి ఎండిపోతుంది. అది మీ తప్పు కాదండి, దాని పని అది పూర్తి చేసింది. ఎండిన పువ్వును గట్టిగా పట్టుకుని లాగితే సన్నని పుల్లల్లాంటి గింజలు గుత్తిగా వస్తాయి, ఒక కొస నల్లగా, ఇంకో కొస గడ్డి రంగులో. కాగితపు పొట్లంలో కట్టి పెట్టుకోండి.

ఒక్కటి అడగాలి. మీ వరండాలో ఎండ ఎంతసేపు ఉంటుంది? బంతికి, గులాబీకి కనీసం ఆరు గంటలు నేరుగా పడే ఎండ కావాలి. అంత లేకపోతే వాటిని ఎండ ఉన్న ఇంటికి పంపడం వదిలించుకోవడం అవదు.

సంధ్యవేళ:

అమ్మా చామంతీ, నా వయసు 67. నాకున్నది ఒక్కటే కుండీ. దాని గురించి చెప్తాను.

మావారికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. మూడేళ్లు మంచం మీదే ఉన్నారు. పొద్దున లేచింది మొదలు మందులు, పక్క మార్చడం, ఉతుకులు. తోట పెంచే తీరిక లేదు, కుట్టు పని చేసే కళ్లూ లేవు. పక్కింటి పిల్ల ఆడుకుంటూ మిరియాల్లాంటి నల్లని గింజలు నాలుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. చంద్రకాంత గింజలు. పగిలిన కుండీ ఒకటి ఉంటే అందులో వేసి, ఆయన మంచం పక్కనున్న కిటికీ గూట్లో పెట్టాను. రెండు నెలలు దాటాక మొగ్గ వేసింది.

చంద్రకాంత సాయంత్రం పూట విచ్చుకుంటుందని అందరికీ తెలుసు. కానీ విచ్చుకుంటుండగా కూర్చుని చూసినవాళ్లు తక్కువ. మొగ్గ పిండిన తడిబట్టలా మెలితిరిగి ఉంటుంది. నాలుగు గంటలు దాటాక ఆ మెలిక కాస్త వదులవుతుంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. మనం ఇటు తిరిగి అటు చూసేలోగా అంచు ఒకచోట విడిపోయి ఉంటుంది. ఇంకాసేపటికి గొట్టం లోంచి కేసరాలు చుట్టలు విప్పుకుంటూ బయటికి వస్తాయి, అప్పుడే వాసన మొదలవుతుంది. తెల్లారి ఎండ ఎక్కేసరికి ముడుచుకుపోతుంది. ఒక పువ్వుకు ఒక్క రాత్రే.

రోజూ ఆ వేళకు నేను పనులన్నీ ఆపి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఇవాళ ఎన్ని విచ్చుకుంటాయండీ అని అడిగితే ఎడమ చేతి వేళ్లతో చూపించేవారు. మూడు, ఐదు, ఒక్కోసారి చెయ్యంతా తెరిచి మళ్లీ మూసి తెరిచేవారు, పది అని. నేను కాలెండరు గడిలో ఆ అంకె రాసి, పక్కన నిజంగా ఎన్ని పూసాయో రాసేదాన్ని. మొదటి పువ్వు ఎన్నింటికి విచ్చుకుందో కూడా రాశాను. మబ్బు పట్టిన రోజుల్లో ముందే విచ్చుకునేవి, బాగా ఎండ కాసిన రోజుల్లో ఐదు దాటేది. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1751లోనే, పూలు విచ్చుకునే వేళలను బట్టి పూల గడియారం ఒకటి తయారుచేయవచ్చని రాశారట. మా అబ్బాయి చెప్పాడు. వాళ్ల నాన్నకు వినిపిస్తే తల ఊపి కిటికీ వైపు చూపించారు, మన దగ్గరా ఉంది కదా అన్నట్టు.

ఆయన పోయి రెండేళ్లు. కాలెండర్లు మూడూ దాచుకున్నాను. మొక్క పైభాగం ఎండినా అడుగున దుంప ఉంటుంది, మళ్లీ చిగురించింది. ఇప్పటికీ ఆ వేళకు కిటికీ దగ్గర కూర్చుంటాను.

నీకు ఇన్ని కుండీలు ఎందుకని నేను అనను. కానీ ఇరవై రెండింటిలో ఏ ఒక్క దానిముందైనా ఊరికే కూర్చున్నావా తల్లీ? నీళ్లు పోయకుండా, ఎండుటాకులు ఏరకుండా? నీ ఉత్తరంలో ఆ బంతి మొలక గురించి రాసిన వాక్యాలు వేరుగా ఉన్నాయి. మిగతావన్నీ అంకెలే.

చంద్రకాంత వేసుకుంటే గింజలను ఒక రాత్రి నానబెట్టి, వేలి గోరంత లోతున వేయి. పొద్దుటి ఎండ ఉంటే చాలు, పూస్తుంది. గింజలు, దుంప విషం, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకో.

ఊలుబంతి:

సంధ్యవేళ అమ్మగారు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా అల్లిక విషయంలో నా అనుభవం కొంచెం వేరు. నాకు ఊరికే చూస్తూ కూర్చుంటే తృప్తి ఉండదు. పని పూర్తయి, మడతపెట్టి చేతిలోకి తీసుకున్నప్పుడే నా సంతోషం. సగంలో ఉన్నది అలమారలో ఉన్నా సరే, తలుపు తీసిన ప్రతిసారీ కంటికి అడ్డం పడుతుంది. కాబట్టి ఓపిక పట్టమని, మానేయమని రెండూ చెప్పను. దుప్పటిని చిన్నది చేసేయండి.

మీ దగ్గర 41 ముక్కలు ఉన్నాయి కదా. ఆరు వరుసలు, వరుసకు ఆరు, 36 ముక్కలు. కలిపితే 30 అంగుళాల చదరం వస్తుంది. చుట్టూ రెండు వరుసల అంచు అల్లితే ఒళ్లో కప్పుకుని కూర్చోవడానికి చక్కగా సరిపోతుంది. 109 గంటలు కాదు, కొసలు దాచడం పక్కన పెడితే నాలుగైదు సాయంత్రాల పని.

కొసల గురించి. వాటిని చివరికి వదిలేయడమే మనల్ని చంపుతుంది. ఉన్నవాటిని ఇప్పుడు మొద్దుమొన సూదితో దాచక తప్పదు. ఒకవైపు రెండు అంగుళాలు దూర్చి, మళ్లీ వెనక్కి ఒక అంగుళం తిప్పండి, అలా తిప్పకపోతే ఉతికినప్పుడు జారి బయటికి వస్తుంది. రోజుకు నాలుగు ముక్కలే పెట్టుకోండి. ఇకపై కొత్తవి అల్లేటప్పుడు మాత్రం రంగు మార్చగానే పాత కొసను వరుస మీద పరిచి, దాని మీదుగానే అల్లుకుంటూ పోండి. వరుస పూర్తయ్యేసరికి కొస కనబడదు.

విప్పాలనిపించిన ముక్కలు ఉంటే భయపడకండి. ఊలు అంత సులభంగా చెడిపోదు. విప్పిన దారం నూడుల్స్‌లా వంకరలు తిరిగి ఉంటుంది, దాంతో నేరుగా అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపు చుట్టూ పొడవాటి చుట్టగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా దారంతో కట్టండి. గోరువెచ్చని నీళ్లలో అరగంట ముంచి, పిండకుండా టవల్లో ఒత్తి, నీడలో వేలాడదీయండి. ఆరేసరికి వంకరలు పోతాయి. నేను ఒకే ఊలును మూడుసార్లు ఇలా వాడాను. మొదట స్వెటరు చేతి భాగం, తర్వాత టోపీ, ఇప్పుడు కుర్చీ దిండు. ఆ దిండు మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆ మూడూ గుర్తొస్తాయి.

చామంతి: (మూడు వారాల తర్వాత)

అందరికీ జవాబు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

పెరటిదారి గారూ, మా వరండాలో ఎండ ఉదయం పది వరకే. మీరు చెప్పాక గులాబీలు, మిగిలిన బంతులు కలిపి 9 కుండీలు మేడ మీద ఉండేవారికి ఇచ్చాను. వాళ్లకు రోజంతా ఎండే. నిన్న మెట్లెక్కి చూసి వచ్చాను, ఒక గులాబీ ఎర్రటి చిగుళ్లు వేసింది. ఎండిన బంతి పూల గింజలు పొట్లం కట్టాను. మిగిలిన 13 కుండీల్లో రోజుకు నాలుగైదింటికి మించి నీళ్లు అవసరం లేదని వేలు పెట్టి చూస్తేనే తెలిసింది. పది నెలలుగా మిగతావాటిని ముంచుతూ వచ్చానన్నమాట. రెండు మొక్కలు దక్కలేదు. మనీప్లాంటు మాత్రం తేరుకుంది.

ఊలుబంతి గారూ, మీరు చెప్పినట్టే 36 ముక్కలు కలిపాను, అంచు ఒక వరుస మిగిలింది. కొసలు దాచడం నేను అనుకున్నంత విసుగు పని కాదు. రాత్రి లెక్కలు ముగించాక చేస్తున్నాను, కళ్లు కంప్యూటర్ నుంచి దిగి సూది మొన మీద నిలుస్తాయి. మిగిలిన ఐదింటిలో ఒకటి బల్ల మీద దీపం కింద వేశాను. నాలుగు ఊరికే సొరుగులో ఉన్నాయి.

సంధ్యవేళ అమ్మగారూ, మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. మీరు కూడా లెక్కే పెట్టారు కదా అని మొదట అనుకున్నాను. తర్వాత నా పుస్తకం తీసి చూసుకుంటే, నేను రాసుకున్నవన్నీ ఇంకా ఎన్ని మిగిలాయన్న అంకెలే. మీ కాలెండర్లో విచ్చుకున్నవి ఉన్నాయి. ఆ 109 ఉన్న కాగితం చింపేశాను.

తెలిసినవాళ్లు చంద్రకాంత గింజలు ఐదు ఇచ్చారు. నానబెట్టి వేశాను. ఏడు రోజులు ఏమీ కనబడలేదు. ఎనిమిదో రోజు పొద్దున మట్టి రెండుచోట్ల చిట్లింది. ఇవాళ ఒకటి పూర్తిగా లేచింది, లావుపాటి లేత ఆకులు రెండూ ఇంకా విడిపోలేదు, నల్లని తొక్క వాటిని బిగించి పట్టుకునే ఉంది. పక్కనే పీట వేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. ఈసారీ వేలు పెట్టలేదు.