‘తిని వెళ్లాడు’: తెలుగులో సంక్లిష్టం, ఇంగ్లీషులో సింపులా?

ఉప్పల్ అమ్మ: మా బాబు ఏడో తరగతి. ‘హావింగ్ ఈటెన్ రైస్, రాము వెంట్ టు స్కూల్’ ఏ రకం వాక్యమంటే కాంప్లెక్స్ అని రాశాడు. కొట్టేశారు, సింపుల్ అట. అదే వారం తెలుగు పరీక్షలో ‘రాము అన్నం తిని బడికి వెళ్లాడు’ సంక్లిష్టం, అంటే కాంప్లెక్సే, అని రాస్తే మార్కు వేశారు. రెండు పేపర్లూ నా ముందే ఉన్నాయి. ఏది తప్పు?

రిటైర్డ్ మాస్టారు: రెండూ ఒప్పేనమ్మా. బడిలో చెప్పే ఇంగ్లీషు వ్యాకరణంలో క్లాజ్ (ఉపవాక్యం) అనాలంటే కాలాన్నీ కర్తనూ బట్టి మారే సమాపక క్రియ ఉండాలి. ‘హావింగ్ ఈటెన్’ నిన్నటికీ రేపటికీ, ‘హి’కీ ‘దే’కీ మారదు. కాబట్టి ఫ్రేజ్, అంటే పదబంధమే. ‘వెంట్’ ఒక్కటే సమాపకం, అంటే క్లాజ్ ఒక్కటే, సింపులే. ‘ఆఫ్టర్ హి హ్యాడ్ ఈటెన్’ అని మార్చండి, కాంప్లెక్స్ అయిపోతుంది. తెలుగులో ‘తిని’ లాంటి, మాట పూర్తికాని అసమాపక క్రియ ఒక్కటున్నా సంక్లిష్టమే.

అశోక్‌నగర్ అభ్యర్థి: ఫ్రేజ్ అని ఖరారు చేసుడేంది సార్? 1985ల వచ్చిన, రాండాల్ఫ్ క్వర్క్ బృందం రాసిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం దాన్ని నాన్‌ఫైనైట్ క్లాజ్, అంటే సమాపక క్రియ లేని క్లాజ్ అంటది.

రిటైర్డ్ మాస్టారు: ఏడో తరగతి పిల్లాడికి క్వర్క్ ఎందుకు తమ్ముడూ? పేపరు దిద్దే దగ్గర అది చెల్లదు.

బోడుప్పల్ నాన్న: ‘సీత, గీత అక్కాచెల్లెళ్లు’ కూడా ఇంతే. తెలుగు పుస్తకంలో సంయుక్తం (కాంపౌండ్), ఇంగ్లీషులో సింపుల్.

అశోక్‌నగర్ అభ్యర్థి: ఆ ‘చెల్లదు’ తోనే నాకు రెండు మార్కులు పోయినయ్. పదో తరగతి దాక తెలుగు మీడియం. కోచింగ్‌ల సార్ ‘ఫ్రేజ్, బట్టీ కొట్టు’ అన్నడు. ఎందుకో చెప్పలె.

రిటైర్డ్ మాస్టారు: అందుకే తెలుగుతో పోల్చొద్దంటాను. 22 ఏళ్లు పాఠం చెప్పాను. ‘తిని’ తలలో ఉన్నంతకాలం పిల్లలు ‘ఇంగ్’ కనబడితే చాలు, క్లాజ్ అంటారు.

ఉప్పల్ అమ్మ: అంటే మావాడు తెలుగు మరిచిపోతేనే ఇంగ్లీషు వస్తుందా సార్?

రిటైర్డ్ మాస్టారు: నేనలా అనలేదమ్మా.

అశోక్‌నగర్ అభ్యర్థి: అన్నరు సార్. మరి మీరు వాడిన మాటేంది? ‘సమాపక క్రియ’. ‘ఫైనైట్’ అంటే ఏందో నాకు ఇన్నేండ్లు సమజ్ కాలె, మీరు సమాపకం అనంగనే అయింది. పోల్చొద్దనుడు కాదు, రెండు లెక్కలు ఎక్కడ విడిపోతయో పక్కపక్కన పెట్టి చూపియ్యాలె. మాకెవ్వరూ చూపియ్యలె.

ఉప్పల్ అమ్మ: ఇప్పుడే సమాపక క్రియల కింద గీత గీయించాను. ‘వెళ్లాడు’ కింద ఒకటి, ‘వెంట్’ కింద ఒకటి. ‘రెండిట్లోనూ ఒక్కటేగా, మరి పేరెందుకు మారింది?’ అంటున్నాడు.

రిటైర్డ్ మాస్టారు: తెలుగు ‘తిని’ని కూడా లెక్కపెడుతుంది, ఇంగ్లీషు బడి వ్యాకరణం లెక్కపెట్టదు అని చెప్పండమ్మా. పరీక్ష హాల్లో మాత్రం పోల్చొద్దనండి.