కొత్త పోతు వచ్చాక పాత పోతులో కదలిక: పోటీ వల్లనా, దాణా వల్లనా?

ఇబ్రహీంపట్నం రైతు:
హైదరాబాద్ శివార్లలో 40 మేకల మందను పెంచుతున్నాను. మా పెద్ద పోతు సంక్రాంతి దాటినప్పటి నుంచి మందకొడిగా తయారైంది. ఎదకు వచ్చిన మేక పక్కనే నిలబడినా తలెత్తి చూసేది కాదు, ఒంటి మీది ఘాటు వాసన కూడా దాదాపుగా పోయింది. మార్చి చివర్లో జియాగూడ మండి నుంచి వయసు పోతునొకదాన్ని తెచ్చి దడికి అవతల కట్టాను. 10 రోజులు తిరగకుండానే పెద్దది మళ్లీ గడ్డం మీద మూత్రం చిమ్ముకోవడం, పై పెదవి మడిచి వాసన పట్టడం, గుంజను కొమ్ములతో కుమ్మడం మొదలుపెట్టింది. అయితే అదే వారంలో దాణా కూడా పెంచాను కనుక కారణం ఏదో తేల్చుకోలేకపోతున్నాను.

పశువైద్య విద్యార్థిని, రాజేంద్రనగర్:
దాణా ఫలితం అంత త్వరగా కనబడదు కాబట్టి నేను కొత్త పోతు వైపే మొగ్గుతాను. సాధారణంగా పగటి నిడివి తగ్గే కాలంలో మేకల్లో సంతానోత్పత్తి చురుకెక్కుతుంది; రాత్రి ఎంత పొడవుందో కంటి ద్వారా గ్రహించిన మెదడులో పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను విడుదల చేస్తుంది, ఆ సంకేతమే అంచెలంచెలుగా వృషణాల్లోని టెస్టోస్టిరాన్ దాకా పనిచేస్తుంది. ఉత్తర మెక్సికోలో, సుమారు 26 డిగ్రీల అక్షాంశం దగ్గర, నాటు పోతులు జనవరి నుంచి ఏప్రిల్ వరకు స్తబ్ధుగా ఉంటాయి. వాటికి నవంబరు నుంచి రెండున్నర నెలలు రోజుకు 16 గంటల వెలుతురు ఇచ్చి, ఆపై మామూలు పగటికి వదిలేస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఊపందుకుంటాయని అక్కడి పరిశోధకులు చూపించారు. మీ ప్రశ్నకు సంబంధించిన సంగతి ఏమిటంటే, అలా చురుకెక్కిన పోతుల సాంగత్యంలో ఉన్న మామూలు పోతులు కూడా విశ్రాంతి కాలంలోనే ఎదకాలపు నడత చూపాయి.

చేవెళ్ల పెంపకందారు:
మెక్సికో లెక్క మనకు యథాతథంగా పనికిరాదండీ. హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గర ఉంది, ఇక్కడ అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలే. మన నాటు మేకలు ఏడాది పొడవునా ఈనుతూనే ఉంటాయి. మేత కొరత, ఎండ, ఈ రెండే పోతును ఎక్కువగా కుంగదీస్తాయని నా అనుభవం. పైగా పోతు ఉత్సాహంగా కనబడినంత మాత్రాన వీర్యం బాగున్నట్టు కాదు. వీర్యకణం తయారవడానికి సుమారు 7 వారాలు పడుతుంది, కాబట్టి ఏప్రిల్ ఎండ దెబ్బ జూన్‌లో బయటపడవచ్చు.

ఇబ్రహీంపట్నం రైతు:
అయితే దాణా అలాగే ఉంచి, కొత్తదాన్ని కొన్ని వారాలు మా తమ్ముడి కొట్టానికి పంపి చూస్తాను. పెద్దది మళ్లీ చల్లబడితే అనుమానం తీరుతుంది. ఈలోగా దాన్ని ఆడమేకల్లో వదలవచ్చా?

పశువైద్య విద్యార్థిని, రాజేంద్రనగర్:
వదలండి, కానీ ముందు వీర్యం పరీక్ష చేయించండి. చేవెళ్ల అన్నగారి మాట నిజం. చాలా రోజులు పోతుకు దూరంగా ఉన్న మేకలైతే రెండు మూడు రోజుల్లో ఎదకు వచ్చి, మరో 5, 6 రోజులకే మళ్లీ రావచ్చు. అది పోతులో లోపం ఉందని కాదు, మొదటి ఎద చక్రం పొట్టిదని అర్థం. రెండో ఎదలో కూడా తప్పక దాటించండి.