గోట్‌కి తెలుగు మాట ఏది? "అందరిలోకీ" అంటే ఎవరెవరిలో?

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

బెంగళూరు మారతహళ్లిలో మేం కొంతమంది తెలుగువాళ్లం ఆదివారం పొద్దున్నే షటిల్ ఆడతాం. మొన్న ఆట అయ్యాక టిఫిన్ల దగ్గర వాదన మొదలైంది. మన దేశపు షటిల్ ఆటగాళ్లలో గోట్ ఎవరు? ఒకాయన ప్రకాశ్ పదుకోన్ అన్నారు, ఇంకొకాయన గోపీచంద్ అన్నారు, అమ్మాయిలిద్దరూ సింధు పేరు తప్ప ఇంకో పేరు ఎత్తనివ్వలేదు. ఎంతకీ తెగలేదు. అంతలో మా స్నేహితుడి కొడుకు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, "అంకుల్, గోట్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. వెంటనే చెప్పలేకపోయాను. వారం నుంచీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

గోట్ అంటే 'గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్' అనే మాటల మొదటి అక్షరాలు. బాక్సర్ మహమ్మద్ అలీ తనను తాను 'ది గ్రేటెస్ట్' అని చాటుకున్నాడు. 1992లో ఆయన భార్య పెట్టిన కంపెనీకి ఈ అక్షరాలే పేరయ్యాయి.

మన పత్రికలు 'సార్వకాలిక అత్యుత్తమ ఆటగాడు' అని రాస్తాయి. అర్థం సరిగ్గానే ఉంది, కానీ ఇడ్లీ తింటూ ఎవరూ ఆ మాట అనరు. నాకు ముందు తట్టింది జగజ్జెట్టి. జెట్టి అంటే మల్లయోధుడు. మాతో ఆడే కన్నడాయన ఈ మాట వినగానే "మాకూ ఉంది, జగజట్టి" అన్నారు. ఇక్కడ జట్టి అనేది నిఘంటువులో మిగిలిపోయిన మాట కాదు. ఇప్పటికీ మైసూరులో విజయదశమి నాడు ప్యాలెస్ ఆవరణలో వజ్రముష్టి కుస్తీ జరుగుతుంది. బెంగళూరు, చన్నపట్న, చామరాజనగర, మైసూరు జెట్టి కుటుంబాలవాళ్లు గుండు చేయించుకుని, పిడికిలికి ఆయుధం తొడుక్కుని దిగుతారు. ఎవరి తల మీద ముందు నెత్తురు కనిపించిందో వాళ్లు ఓడినట్టు. కొన్ని క్షణాల్లో ముగిసే ఆట. ఇంత బతుకున్న మాట కాబట్టి నాకు జగజ్జెట్టి అంటే ఇష్టమే. అయితే అందులో జగమంతా ఉంది గానీ కాలం లేదు. పైగా సింధుని జగజ్జెట్టి అంటే చెవికి ఆనదు.

అసలు చిక్కు వేరే చోట ఉందని తరవాత అర్థమైంది. సంస్కృతంలో 'ఇష్ఠ' అనే ప్రత్యయం ఉంది. శ్రేష్ఠ, జ్యేష్ఠ, గరిష్ఠ, అన్నీ అలా వచ్చినవే. ఒక్క మాటతో పని అయిపోతుంది, ఎవరికన్నా అని చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్ 'గ్రేటెస్ట్' కూడా అంతే. తెలుగుకి అలాంటి ప్రత్యయం లేదు. గొప్ప, ఇంకా గొప్ప, ఆ తరవాత "అందరికన్నా గొప్ప", "అందరిలోకీ గొప్ప". ఇది మన భాషకి లోటని కొందరంటారు. నేను ఒప్పుకోను. "అందరిలోకీ" అన్నామంటే ఆ అందరూ ఎవరో చెప్పాల్సి వస్తుంది. మా వాదన తెగకపోవడానికి కారణం సరిగ్గా అదే. ఎవరి 'అందరూ' వాళ్లకున్నారు.

ప్రకాశ్ గారి సంగతే తీసుకోండి. ఆయన ఆట నేర్చుకున్నది ఈ ఊళ్లోనే, మల్లేశ్వరం కెనరా యూనియన్ హాల్లో. అది పెళ్లిళ్లు కూడా చేసే హాలు. ముహూర్తాలున్న రోజుల్లో ఆట లేనట్టే. అక్కడి నుంచి వెళ్లి 1980లో, షటిల్‌లో పేరుమోసిన ఆల్ ఇంగ్లండ్ టోర్నీ ఫైనల్లో ఇండోనేషియా ఆటగాడు లియెమ్ స్వీ కింగ్‌ని 15-3, 15-10తో ఓడించారు. గోపీచంద్ ఆయన దగ్గరే శిక్షణ పొంది 2001లో అదే టైటిల్ తెచ్చారు. అప్పట్లో సర్వీస్ మన చేతిలో ఉంటేనే పాయింటు. 2006 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటే, 21 దాకా ఆట. సింధు ఆడి గెలిచింది ఈ కొత్త లెక్కలో. ఈ ముగ్గుర్నీ ఒకే 'అందరిలో' ఎలా కూర్చోబెడతాం?

పరుగుపందెంలో గడియారం ఉంటుంది కదా, అక్కడ తేలిపోతుందనుకున్నాను. బెర్లిన్‌లో ఒకే స్టేడియంలో 1936లో జెస్సీ ఓవెన్స్ 100 మీటర్లు 10.3 సెకన్లలో, 2009లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో పరిగెత్తారు. గడియారం ప్రకారం బోల్టే. కానీ ఓవెన్స్ పరిగెత్తింది బొగ్గు రవ్వ పరిచిన ట్రాక్ మీద. కాలు తన్ని లేవడానికి బ్లాకులు లేవు. వంగి, చిన్న తాపీతో తన గుంటలు తనే తవ్వుకున్నాడు. ఆ గుంటల లెక్క ఏ గడియారమూ చెప్పదు.

ఇక 'సాటిలేని' అనే మాట. తెలుగులో పై మెట్టు చెప్పాలంటే మనం ఎక్కువగా 'లేదు' అనే చెబుతాం. సాటిలేని, ఎదురులేని, తిరుగులేని, వాణ్ణి మించినవాడు లేడు. అయితే సాటి అంటే సమానమనే కాదు, తోటి అని కూడా. సాటి మనిషి అంటాం కదా. నా మటుకు నాకు సాటి ఉన్నవాళ్ల ఆటే ముద్దు. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సింధు, జపాన్ అమ్మాయి నొజోమి ఒకుహారాల ఫైనల్ చూశారా? 110 నిమిషాలు. 21-19, 20-22, 22-20తో ఒకుహారా గెలిచింది. రెండో గేమ్ చివర్లో ఒక్క ర్యాలీ 73 షాట్లు సాగింది. రెండేళ్ల తరవాత బాసెల్‌లో అదే ఒకుహారాని సింధు 21-7, 21-7తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. బంగారం బాసెల్‌లో వచ్చింది, కానీ సింధు ఎంతటిదో నాకు తెలిసింది గ్లాస్గోలో, ఓడిన రోజున. ఎదర ఒకుహారా లేకపోతే అది బయటపడేదే కాదు.

అందుకని ఆ అబ్బాయికి నేను చెప్పబోయేది మాట కాదు, ఒక వాక్యం. మా తాతయ్య ఏదైనా గొప్పగా అనిపిస్తే "నేను పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిది చూడలేదు" అనేవారు. తన కన్ను ఎంతవరకు చూసిందో అంతవరకే ఆయన హామీ. మెచ్చుకోలులో ఏమాత్రం పిసినారితనం లేదు, అబద్ధమూ లేదు.

వ్యాఖ్య: బాగుంది గానీ అన్నా, 'నభూతో నభవిష్యతి' ఉందిగా! గోట్‌కి అచ్చంగా అదే. మనవాళ్లు రోజూ వాడేదే.

జవాబు: నిజమే తమ్ముడూ, నాకు తట్టలేదు. కాకపోతే దాన్ని మనం పెళ్లికో, సభకో, ఉత్సవానికో వాడతాం. 'ఆయన నభూతో నభవిష్యతి' అని మనిషిని అనడం నేను పెద్దగా వినలేదు. నా అసలు అభ్యంతరం 'నభవిష్యతి' మీద. 1980లో ఆ మాట అనేసి ఉంటే 21 ఏళ్లకి గోపీచంద్ వచ్చేవారు. జరిగినదానికి సాక్ష్యం చెప్పగలం, జరగబోయేదానికి ఎలా చెబుతాం? మీరంతా మీ ఊళ్లలో పెద్దవాళ్లు ఆటగాణ్ణి మెచ్చుకుంటూ ఏమనేవారో రాయండి. ఒట్టి మాట కాదు, వాక్యం మొత్తం కావాలి.

వ్యాఖ్య: మాది ప్రకాశం జిల్లా సార్, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. మా నాన్న చెడుగుడు ఆడేవారు. పక్కూరి ఆటగాడొకడి గురించి ఇప్పటికీ ఒకటే మాట చెబుతారు: "వాడు కూతకొస్తున్నాడంటే మావాళ్లు ఏడుగురూ పంచెలు బిగించి కట్టుకునేవాళ్లు."