అప్‌డేట్: క్యాంపర్ వ్యాన్ పైకప్పు లోపలి బూజు వదిలింది

ఇంగ్లాండ్ చలికాలమంతా మూసి ఉంచిన మా క్యాంపర్ వ్యాన్‌లో (లోపలే వండుకుని, పడుకునే వీలున్న ప్రయాణపు వ్యాన్) పైకప్పు లైనింగ్ గుడ్డకు పట్టిన నల్ల బూజును బ్లీచ్‌తో కడగవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. బ్లీచ్ గుడ్డ రంగును పోగొడుతుందే తప్ప పోగుల లోపలి బూజును పూర్తిగా చంపదని మీరు చెప్పినందువల్ల దాన్ని పక్కన పెట్టి, ఎన్95 మాస్కు వేసుకుని, తలుపులన్నీ బార్లా తెరిచి, లైనింగ్‌ను అంటించిన జిగురు ఊడకుండా తెల్ల వెనిగర్‌ను పలుచగా చల్లి, గంటసేపు ఉంచి, మెత్తని బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో అద్దాను. వెనిగర్, బ్లీచ్ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది కనుక ఆ రెండింటినీ దయచేసి ఎవరూ కలపవద్దు. ముక్కిన వాసన పూర్తిగా పోయింది. స్కైలైట్ (పైకప్పు కిటికీ) మూలన మాత్రం మిరియపు గింజంత మచ్చలు కొన్ని మిగిలాయి. అసలు కారణమూ అక్కడే దొరికింది: ఫ్రేము చుట్టూ నీరు చొరకుండా వేసే సీలెంట్ పగిలి వాన నీరు లోపలికి ఇంకుతోంది. పాతదంతా గీకించి కొత్తది వేయించాను. ఇప్పుడు వంట చేసేటప్పుడూ పడుకునేటప్పుడూ కిటికీని కాస్త తెరిచే ఉంచుతూ, లోపలి తేమ 60 శాతం దాటకుండా చూస్తున్నాను.