పై వాటాలోని టాంజానియా అమ్మాయి జుట్టు విషయంలో నేను చేసిన పొరపాటు ఏమిటి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటి పై వాటాలో గత జూలై నుంచి టాంజానియా దేశానికి చెందిన ఇద్దరు అమ్మాయిలు అద్దెకుంటున్నారు. దగ్గరలోని కళాశాలలో చదువుకుంటున్నారు. అద్దె ఒకటో తేదీకే ఇస్తారు, మెట్లు తామే ఊడ్చుకుంటారు, కనిపించినప్పుడల్లా చేతులు జోడించి పలకరిస్తారు. బడిపంతులమ్మగా ముప్పై ఏళ్లు పనిచేసిన నాకు ఆ వయసు పిల్లలంటే సహజంగానే మమకారం.

భోగి నాడు మా ఇంట్లో అందరికీ తలంట్లు జరుగుతుండగా ఆ ఇద్దరినీ కూడా కిందికి పిలిచాను. పెద్దమ్మాయి తలనిండా సన్నని జడలు, బహుశా వందకు తక్కువ ఉండవు, నడుము దాకా వేలాడుతున్నాయి. నేను నూనె గిన్నె చేత్తో పట్టుకుని, "ఇవన్నీ విప్పెయ్యమ్మా, తలస్నానం చేసి ఎన్నాళ్లయిందో ఏమో, నేనే తలంటు పోస్తాను" అన్నాను. ఆ పిల్ల మీద ప్రేమతోనే అన్నాను. అంతలో మా చెల్లెలి మనవరాలు వెనక నుంచి వెళ్లి, నిజం జుట్టో కాదో చూడాలని ఒక జడ పట్టుకుని లాగింది. ఇంట్లోవాళ్లు నవ్వారు. మా ఆడపడుచు, ఇంత దట్టంగా అల్లుకుంటే పేలు పట్టవా అని హిందీలో అడిగేసింది. ఆ అమ్మాయి చిరునవ్వు చెదరనివ్వకుండానే, చదువుకోవలసినది ఉందని చెప్పి పైకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె మా గుమ్మం ముందుకు ఎప్పుడు వచ్చినా తలకు గుడ్డ చుట్టుకునే వస్తోంది. కళాశాలకు వెళ్లేటప్పుడు ఆ గుడ్డ ఉండదు, అది నేను కిటికీలోంచి చూశాను. అంటే ఆ గుడ్డ మా కోసమే. ఈ సంగతి నాకు నిద్రపట్టనివ్వడం లేదు. మేము మాట్లాడిన దానిలో ఆమెకు ఏది నొప్పి కలిగించిందో, ఆ జుట్టు గురించి నేను తెలుసుకోవలసినది ఏమిటో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

నాగావళి ఒడ్డు (రాయగడ)

అమ్మా, మావారి ఉద్యోగరీత్యా అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో తొమ్మిదేళ్లు ఉండి వచ్చాను. అక్కడ నా పక్క బల్ల దగ్గర పనిచేసిన నల్లజాతి సహోద్యోగిని ఒకరు నాకు చాలా నేర్పారు. మీరు రాసిన గుడ్డ సంగతి చదవగానే ఆమె చెప్పిన పాత చరిత్ర గుర్తుకు వచ్చింది. 1786లో, లూసియానా ప్రాంతం స్పెయిన్ పాలనలో ఉన్నప్పుడు, మీరో అనే గవర్నరు నల్లజాతి స్త్రీలు జుట్టు కనబడకుండా తలకు గుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. పూసలతో, ఈకలతో వారు చేసుకునే కొప్పుల అందం అతనికి కంటగింపు అయింది. ఆ స్త్రీలు గుడ్డ కట్టుకున్నారు గానీ, మెరిసే రంగుల గుడ్డలే ఎంచుకుని, వాటినే అలంకారంగా మార్చుకున్నారు.

అది పాత కథ అనుకోకండి. 2010లో అలబామా రాష్ట్రంలో ఒక నల్లజాతి యువతికి ఉద్యోగం ఖాయమైన తరువాత, ఆమె జుట్టు పాయలు పాయలుగా పెనవేసుకుని ఉన్నదని, దానిని కత్తిరించుకుంటేనే చేర్చుకుంటామని చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు, ఉద్యోగం పోయింది. 2016లో అక్కడి అప్పీలు న్యాయస్థానం కూడా సంస్థ పక్షానే తీర్పు చెప్పింది. రంగు మార్చుకోలేము గానీ జుట్టు తీరు మార్చుకోవచ్చు కదా అన్నది వారి తర్కం. 2019 జూలైలో కాలిఫోర్నియా రాష్ట్రం, పుట్టుకతో వచ్చిన జుట్టు తీరును బట్టి, జడల తీరును బట్టి ఉద్యోగంలోనూ బడిలోనూ వివక్ష చూపడం నేరుగా నిషేధిస్తూ చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. మొత్తం దేశానికి వర్తించే చట్టం కోసం తెచ్చిన బిల్లు 2022లో దిగువ సభ దాటింది గానీ ఎగువ సభ దాటలేదు.

మాటల సంగతి మరొకటి చెప్పాలి. 2014లో అమెరికా సైన్యం స్త్రీల కేశాలంకరణకు రాసిన నియమాలలో, నల్లజాతి స్త్రీలు సాధారణంగా వేసుకునే కొన్ని జడలను జడలుకట్టిన జుట్టు, చింపిరి జుట్టు అనే అర్థం వచ్చే మాటలతో వర్ణించారు. అభ్యంతరాలు వచ్చాక అదే ఏడాది ఆ మాటలు తీసేశారు. 2017లో పెనవేసిన పాయలకు కూడా అనుమతి ఇచ్చారు. నా సహోద్యోగిని అనేది, నిబంధన కన్నా ఆ మాట ఎక్కువ గుచ్చుకుంటుందని. మన ఇళ్లలో "చింపిరి తలతో తిరుగుతున్నావేమే" అంటే పిల్ల అల్లరిని మందలించడమే. ఆమె విషయంలో అది వంశం మొత్తాన్ని అన్నట్టు.

మీ ఇంట్లో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, నాకు తెలుసు. అయితే ఆ అమ్మాయి ఆ మూడు ప్రశ్నలనూ (కడుగుతావా, నిజమేనా, పేలు పడతాయా) బస్సులోనూ, బజారులోనూ, తరగతిలోనూ రోజూ వింటూ ఉండి ఉంటుంది. మీ ఇల్లు అలా కాదని నమ్మినందువల్లే మీ దగ్గర ఎక్కువ నొచ్చుకున్నదేమో.

బరంపురం బ్యూటీ పార్లర్

నేను పద్దెనిమిదేళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. ముందుగా నా తప్పు చెప్పి తరువాత తెలిసినది చెబుతాను. మూడేళ్ల క్రితం ఒక ఆఫ్రికన్ విద్యార్థిని జుట్టు చివర్లు మాత్రమే కత్తిరించమని వచ్చింది. నేను ఆమె మాట పూర్తిగా వినకుండానే స్ట్రెయిటెనింగ్ ధరల పట్టిక ఆమె ముందు పెట్టాను. ఆ జుట్టుతో మా దగ్గరకు ఎవరు వచ్చినా సాపు చేయించుకోవడానికే అని నా మనసులో ముందే రాసేసుకున్నాను. ఆమె పట్టిక మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పటి నుంచి కూర్చుని నేర్చుకున్నాను.

ఆ జుట్టు కుదురు తిన్నగా ఉండదు, చర్మం లోపలే వంపు తిరిగి ఉంటుంది. వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే మనదానికన్నా ఎక్కువగా నొక్కినట్టు కోలగా ఉంటుంది. అందుకే పుట్టుకతోనే చిన్న చిన్న చుట్లుగా వస్తుంది. మాడు మీద ఊరే సహజమైన నూనె మన తిన్నని వెంట్రుక వెంట జారినట్టు ఆ చుట్ల వెంట చివరి దాకా దిగదు. కాబట్టి మనకు రెండు రోజులకే తల జిడ్డు కడితే వారికి ఎండిపోయి పెళుసు బారుతుంది. వారానికి ఒకసారో, రెండు వారాలకు ఒకసారో తలస్నానం చేయమని చర్మవైద్యులే చెబుతారు. అది శుభ్రత లేకపోవడం కాదు, ఆ వెంట్రుకకు అదే సంరక్షణ. మనలాగా రోజు విడిచి రోజు షాంపూ పెడితే విరిగిపోతుంది. మహేంద్రతనయ గారూ, కుంకుడుకాయ పులుసుతో గట్టిగా రుద్దే తలంటు ఆ అమ్మాయికి పోసి ఉంటే చిక్కులు విప్పడానికే రెండు రోజులు పట్టేది.

వారి జుట్టు పెరగదు అనే మాట కూడా నిజం కాదు. చుట్టుకుపోయి ఉంటుంది కాబట్టి పొట్టిగా కనిపిస్తుంది, సాగదీస్తే భుజం దాటుతుంది. సన్నని జడలు వేయడం ఆ వెంట్రుకకు రక్షణ, రాపిడి తగలకుండా వారాల తరబడి కాపాడుతుంది. ఒక తలకు అలా వేయడానికి ఆరేడు గంటలు పడుతుంది. పాపిడి తీసేందుకు సన్నని తోక ఉన్న దువ్వెన వాడి, చదరపు గడులు గీసినట్టు మాడును విభజించి, ఒక్కొక్క గడిలోని పాయకు కృత్రిమ పాయ కలిపి అల్లుతారు. చివర్లు విడిపోకుండా మరిగే నీళ్లలో ముంచుతారు. అంత పని చేయించుకున్న తలను "విప్పెయ్యి" అనడం, పట్టుచీర కట్టుకుని వచ్చిన మనిషిని మార్చుకు రమ్మన్నట్టు ఉంటుంది.

కలిపిన పాయను దొంగజుట్టు అనే హక్కు మనకు అసలు లేదు. మా అమ్మమ్మ సవరం పెట్టుకోనిదే పెళ్లికి వెళ్లేది కాదు. తిరుమల కల్యాణకట్టలో మన వాళ్లు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఆ జుట్టు విగ్గులుగా, సవరాలుగా మారి విదేశాలకు వెళుతుంది, అక్కడి నల్లజాతి స్త్రీలు కూడా దానిని కొని ధరిస్తారు.

సాపు చేయించుకోమని సలహా ఇచ్చేవారికి ఒక మాట. గట్టి చుట్లను తిన్నగా చేసే మందులలో కొన్నింటిలో ఉండేది కాస్టిక్ సోడా, మాడు కాలుతుంది. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు దాదాపు 33,500 మంది స్త్రీల వివరాలు పరిశీలించి, ఏడాదిలో నాలుగుసార్లకు మించి ఇటువంటి మందులు వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ రెట్టింపుకు పైగా కనిపించిందని ప్రకటించారు. మందే కారణమని వారు తేల్చలేదు, కాని నేను మాత్రం అడగనిదే ఎవరికీ ఆ పట్టిక చూపించడం మానేశాను.

వంశధార గట్టు (గుణుపురం)

అందరూ పెద్ద మనసుతో రాస్తున్నారు, కాదనను. అయినా నాకు ఒక సందేహం. మన ఊళ్లలో కొత్తగా వచ్చిన కోడలి జడ ఎంత పొడుగో అని చేతిలోకి తీసుకుని చూస్తారు, పసిపిల్లల ఉంగరాల జుట్టు ప్రతివారూ నిమురుతారు. ఎవరూ నొచ్చుకోరు. చిన్నపిల్ల కుతూహలంతో ఒక జడ ముట్టుకుంటే దానికి అమెరికా చరిత్ర అంతా తీసుకురావడం అవసరమా? ఆ అమ్మాయిలు వచ్చింది టాంజానియా నుంచి కదా.

కొలాబ్ దారి (జయపురం)

వంశధార గట్టు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, అందుకే నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను. ఇది అమెరికాకే పరిమితమైన సంగతి కాదు. 2016 ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా బాలికల ఉన్నత పాఠశాలలో, నల్లజాతి విద్యార్థినులు తమ సహజమైన జుట్టును సాపు చేసుకోవాలని ఒత్తిడి చేస్తున్నారంటూ నిరసనకు దిగారు. వారిలో పదమూడేళ్ల పిల్ల కూడా ఉంది. తమ దేశంలో, తమ బడిలో, తమ తలమీద జుట్టు గురించి ఆ పిల్లలు పోరాడవలసి వచ్చింది. 2021 టోక్యో ఒలింపిక్స్ ముందు, అటువంటి ఒత్తు జుట్టు పట్టేటట్టు కుట్టిన ఈత టోపీని అంతర్జాతీయ ఈత సమాఖ్య అనుమతించలేదు, మరుసటి ఏడాది అనుమతించింది.

కోడలి జడ సంగతికి వస్తే, ఆ జడను చేతిలోకి తీసుకున్నవారు దానిని మెచ్చుకోవడానికి తీసుకుంటారు. కోడలి పక్కన ఆమె వంటి వారే పది మంది కూర్చుని ఉంటారు. మెచ్చుకోవడానికి ముట్టుకోవడం వేరు, నిజమా అబద్ధమా అని పరీక్షించడానికి లాగడం వేరు. నాకూ నొక్కుల జుట్టే. బడిలో ఏడేళ్లు "కొబ్బరి పీచు" అని పిలిచారు. పెళ్లిచూపులకు ముందు రోజు మా పిన్ని ఇస్త్రీపెట్టె లాంటి యంత్రంతో గంటన్నర సాగదీసింది, చెవి పైభాగం కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. నా వంటి దానికే ఇంత జరిగితే, ఊరంతటికీ వింతగా కనిపించే మనిషికి ఎంత జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

మా వైపు ఒనుకుడెల్లి గురువారం సంతకు బోండా అనే గిరిజన తెగ స్త్రీలు వస్తారు. తల గొరిగించుకుని, దాని మీద పూసల పట్టీలు ధరించడం వారి తరతరాల తీరు. సంతలో చిరుధాన్యాలు అమ్ముకోవడానికి వచ్చిన మనిషి ముఖం ముందు ఫోను పెట్టి, పూసలు వేలితో కదిపి చూసే మైదాన ప్రాంతపు మనుషులను నేను చూశాను. ఒక ముసలామె ఆ వేలిని మెల్లగా పక్కకు నెట్టి, తిరిగి తన కుంచం వైపు చూసుకుంది. ఆమె ఏమీ అనలేదు. ఆ వేలు పెట్టినవారికి కూడా చెడు ఉద్దేశం లేకపోవచ్చు.

మహేంద్రతనయ గారూ, అందరి ముందూ క్షమాపణ చెప్పకండి, అది మళ్లీ ఆమెను పదిమందిలో నిలబెట్టినట్టు అవుతుంది. ఒంటరిగా కలిసి, జరిగినదేమిటో ఒక్క మాటలో చెప్పండి. జుట్టు గురించి ప్రశ్నలు అడగకండి, ఆమె చెబితే వినండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ ఆ అమ్మాయి ఒక్కతే కనిపించింది. భోగి నాడు నీ తల గురించి మేము మాట్లాడిన తీరు, పిల్లను ఆపకుండా నవ్వడం తప్పు, నన్ను మన్నించమ్మా అని చెప్పాను. కాసేపు బట్టలు మడుస్తూనే ఉండి, తాను చదివిన బడిలో ఆడపిల్లలందరికీ జుట్టు పొట్టిగా కత్తిరించాలనే నియమం ఉండేదని, పాఠశాల చదువు ముగిశాకే మొదటిసారి జుట్టు పెంచుకున్నానని, అది పెరగడం రోజూ అద్దంలో చూసుకునేదాన్నని చెప్పింది. దానినే మేము విప్పెయ్యమన్నామన్న సంగతి అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. మా అమ్మ సవరం గురించి నేను చెబితే చూపించమంది. పెట్టెలోంచి తీసి ఇచ్చాను. చివర ఎలా ముడి వేశారో వేళ్లతో తడిమి చూసి, తమ ఊళ్లో జడలు అల్లే ఆవిడను ముసూసి అంటారని చెప్పింది.

మా మనవరాలికి నేను వేరుగా చెప్పాను, మా ఆడపడుచుతో మాత్రం ఇంకా మాట్లాడవలసి ఉంది. వచ్చే ఆదివారం ఇద్దరూ ఒకరికొకరు కొత్తగా జడలు వేసుకుంటారట, చివర్లు ముంచడానికి మరిగే నీళ్లు కావాలి, పైన ఉన్న చిన్న పొయ్యి సరిపోదు అన్నారు. పొంగలి వండే పెద్ద గిన్నె తోమి పక్కన పెట్టాను.