కిరాయి ఇంట్ల గోడకు నల్ల బూజు, బాబుకు దగ్గు తగ్గుతలేదు. పెయింటేస్తే పోతదా?

నయీంనగర్_అమ్మ:

అందరికీ నమస్తే. మేం హన్మకొండల నయీంనగర్ దిక్కు కిరాయికి ఉంటున్నం, గ్రౌండ్ ఫ్లోర్. మా బెడ్రూం ఉత్తరం గోడకు పక్కింటి గోడకు నడుమ మనిషి పట్టేంత సందు కూడా లేదు, ఎండ అస్సలు తగలదు. ఈ వానలకు ఆ గోడకు కింది నుంచి నడుమెత్తు దాక చెమ్మ ఎక్కింది, బీరువా జరిపి చూస్తే వెనుకంత నల్లగ చుక్కలు చుక్కలు బూజు, లోపల పట్టుచీర మడతల మీద కూడా తెల్లగ పట్టింది. తలుపు తీస్తనే ముక్కిన వాసన.

బాబుకు నాలుగేండ్లు. రాత్రి పడుకున్నంక దగ్గు మొదలైతది, తెల్లారుజామున పిల్లికూతలు. పరకాల మా అమ్మోళ్లింటికి పోతే రెండు మూడు రోజులల్ల మంచిగైతడు, మళ్ల ఇంటికొచ్చినంక అదే కథ. ఓనర్‌ను అడిగితే పండుగకు పెయింట్ వేపిస్త అంటున్నడు. అత్తమ్మ వాసన పోవాలని రోజూ ఆ గదిల ఊదు పొగ వేస్తున్నది. కరోనా అప్పుడు కండ్లు తీసేసిన్రు గదా, ఆ బ్లాక్ ఫంగస్ ఇదేనా అని మస్తు భయమైతున్నది. పెయింటేస్తే పోతదా, బ్లీచింగ్ కొట్టాల్నా? తెల్సినోళ్లు జర చెప్పండి.

ఛాతీ_వార్డు_సిస్టర్:

చెల్లె, ముందుగాల ఆ భయం తీసెయ్యి. 2021ల వచ్చింది మ్యూకర్‌మైకోసిస్, అది ఎక్కువగ షుగర్ కంట్రోల్‌ల లేనోళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువ పడ్డోళ్లకు, ఒంట్ల శక్తి బాగ పడిపోయినోళ్లకు వచ్చింది. గోడ మీద నల్లగున్నదంతా అది కాదు. రంగు చూసి ఇది మంచిది ఇది చెడ్డది అని చెప్పలేం కూడా, నలుపైనా పచ్చగున్నా తెల్లగున్నా ఇంట్ల ఉంచుకునేది కాదు.

కానీ దగ్గు సంగతి మాత్రం తేలికగ తీసుకోకు. బూజు నుంచి కంటికి కనబడని స్పోర్లు, అంటే బూజు విత్తనాల అసొంటివి, గాలిలకు లేస్తయి, అవి పీలిస్తే అలర్జీ ఉన్నోళ్లకు తుమ్ములు, ముక్కు కారుడు, ఆస్తమా ఉన్నోళ్లకు పిల్లికూతలు, ఆయాసం. చెమ్మ, బూజు ఉన్న ఇండ్లల్ల ఉండేటోళ్లకు దగ్గు, ఆస్తమా ఎక్కువైతయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లనే చెప్పింది. ఆస్తమా ముదిరిన పెద్దోళ్లల్ల కొందరికి ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ మీదనే అలర్జీ వచ్చి, ఊపిరితిత్తులు పాడయ్యే దాక పోతది. మన దేశంల ఇది తక్కువేం లేదు, టీబీ అనుకొని ఆ మందులు మింగేటోళ్లు కూడా ఉన్నరు.

నువ్వు రాసినదాంట్ల నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది, పరకాల పోతే తగ్గుతదన్న మాట. పిల్లల డాక్టర్‌కు ముందు ఆ మాటే చెప్పు, ఆ గోడ ఫోటో కూడా చూపించు. చాలామంది దగ్గు సిరప్ రాయించుకొని వచ్చేస్తరు, ఇంటి గురించి ఒక్క ముక్క చెప్పరు, డాక్టర్ ఇల్లు చూస్తడా చెప్పు. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైతదని భయపడి ఆపకు, అట్ల అలవాటు కాదు, మందు సీదా ఊపిరితిత్తులకు పోతది కాబట్టి తక్కువ డోసే సరిపోతది. బాబు డొక్కలు ఎగరేస్తున్నా, మాట రాకుండ ఆయాసపడుతున్నా, పెదాలు నీలంగ అయినా అర్ధరాత్రి అని చూడకుండ ఎంజీఎంకో దగ్గర్ల ఏ హాస్పిటల్‌కో ఉరకాలె.

ఊదు పొగ వెంటనే ఆపెయ్యండి. బూజు దానికి చావదు, పిల్లగాని గొంతు మాత్రం ఇంకింత మండుతది. దోమల కాయిల్ కూడా అంతే, దోమతెర కట్టండి. అత్తమ్మకు నెమ్మదిగ చెప్పు, ఆమె కూడా మనుమని కోసమే వేస్తున్నది గదా.

కాజీపేట_సైట్_ఇంజనీర్:

అక్కా, సిస్టర్ గారు ఆరోగ్యం సంగతి చెప్పిన్రు, నేను గోడ సంగతి చెప్త. పెయింట్‌తోని పోదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నయో తెలుసుకొని అది ఆపితేనే బూజు ఆగుతది, పచ్చి గోడ మీద పుట్టీ పెట్టి రంగేసుడంటే చీము పట్టిన పుండు మీద పౌడర్ అద్దినట్టే, వచ్చే వానలకు పొక్కులు పొక్కులు లేచి ఊడిపోతది.

ఒక చిన్న పరీక్ష చేయండి. గోడ మీద తడిని బట్టతోని తుడిచి, జానెడు ప్లాస్టిక్ కవర్ ముక్కను నాలుగు వైపులా టేప్‌తోని గాలి పోకుండ అతికించి ఒకట్రెండు రోజులు వదిలేయండి. కవర్ వెనుక, అంటే గోడ వైపు నీటి చుక్కలు పడితే నీళ్లు గోడల నుంచే వస్తున్నట్టు. గది వైపు తడి అయితే ఇంట్ల గాలిల తేమ ఎక్కువైనట్టు. మీది కింది నుంచి నడుమెత్తు దాక అంటున్నరు కాబట్టి భూమిలకెల్లి ఎక్కే చెమ్మ అని నా అనుమానం, కానీ గోడ అవతల బాత్రూం గానీ మోరి గానీ సంపు గానీ ఉన్నదా చూడండి. పైపు లీకేజీ అనుమానముంటే రాత్రి అన్ని నల్లాలు బంద్ చేసి ట్యాంకుల నీళ్లు ఎంతవరకున్నయో గీత పెట్టి తెల్లారి చూడండి, తగ్గితే ఎక్కడో పోతున్నట్టే.

గోడ మీద తెల్లటి పొడి రాలుతుంటే అది బూజు కాదు, ఉప్పు. నీళ్లు చల్లితే కరిగిపోతది, వాసన రాదు. అది ఒంటికి హాని కాదు గానీ చెమ్మ ఉందనడానికి గుర్తు.

రిపేర్ అంటే చెమ్మ గీత మీద ఇంకో అడుగు ఎత్తు దాక ప్లాస్టర్ కొట్టేసి, ఇటుక ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ కలిపిన మాలుతోని మళ్ల ప్లాస్టర్ చేయించాలె. ఆ సందుల నీళ్లు నిలవకుండ వాలు పెట్టిపియ్యాలె, మట్టి, చెత్త గోడకు ఆనుకొని ఉంటే తీపియ్యాలె. ఆరనియ్యకుండ చేస్తే మాత్రం పైసలు బూడిదల పోసినట్టే, మేస్త్రీలు తొందర పెడ్తరు, మీరు పెట్టనియ్యకండి.

కరీంనగర్_వదిన:

రిపేర్ అయ్యేదాక ఏం చేయాలో నేను రాస్త. ముందు బాబు పడకను వేరే రూముల వేయండి, ఈ రోజే. తుడిచేటప్పుడు బాబును ఇంట్ల ఉంచొద్దు, ఎన్95 మాస్క్, రబ్బరు గ్లౌజులు వేసుకొని, కిటికీ తీసి, ఫ్యాన్ బంద్ పెట్టి, సబ్బునీళ్లల్ల ముంచిన బట్టతోని తుడవండి. పొడి బ్రష్షుతోని గానీ చీపురుతోని గానీ అస్సలు గోకొద్దు, స్పోర్లన్నీ ఇల్లంత లేస్తయి. తుడిచిన బట్ట కవర్ల కట్టి పడేయండి. బ్లీచింగ్ కొట్టినా చచ్చిన బూజు గోడ మీదనే ఉంటది, దానికి కూడా అలర్జీ వస్తది, అందుకే తుడిచి తీసుడే అసలు పని. ఒకవేళ బ్లీచింగ్ వాడినా దాంట్ల బాత్రూం కడిగే యాసిడ్, హార్పిక్ లాంటివి కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ లేచి ఊపిరి ఆడదు.

బూజు పట్టిన బొంతలు, స్పాంజ్ పరుపు ఎండల పెట్టి వాడుదామంటే లోపలిది పోదు, పడేయాల్సిందే. 2023 జూలైల వరంగల్ వరదలప్పుడు మా చుట్టాల ఇంట్లకు నీళ్లు వచ్చినయి, తడిసినవాటిని ఒకట్రెండు రోజులల్ల ఆరబెట్టిన్రు, అవి మిగిలినయి, మూల పడేసినయి అన్నీ బూజు పట్టినయి. పట్టుచీర మాత్రం బయట నీడల మెత్తటి బ్రష్షుతోని దులిపి డ్రైక్లీనింగుకు ఇయ్యండి.

బీరువాను గోడకు జానెడు దూరం జరపండి. వానకాలం ఆ రూముల తడి బట్టలు ఆరేయొద్దు. ఎండకాలం కూలర్ పెడితే ఎదురుగ కిటికీ తీసే ఉంచాలె, లేకపోతే తేమంతా లోపలే ఉంటది, కూలర్ గడ్డి ఏటేటా మార్చాలె. తేమ చూపే చిన్న మీటర్ ఆన్‌లైన్‌ల దొరుకుతది, 60 శాతం దాటకుండ చూసుకోండి, 50 లోపలుంటే ఇంకా మంచిది.

ఇంకోటి, ఆ గదిల పల్లీలు, మక్కలు, మిరపకాయ సంచులేమన్న పెట్టిన్రా? మనోళ్లు ఊరి నుంచి తెచ్చినయన్నీ మంచం కిందనే పెడ్తరు కాబట్టి అడుగుతున్న. బూజు పట్టిన పల్లీల అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతది, కాలేయం క్యాన్సర్‌కు దారి తీస్తది, వేయించినా పూర్తిగ పోదు. ఏరుకొని తినకండి, పారేయండి.

నయీంనగర్_అమ్మ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పల్లీల సంచి నిజంగనే మంచం కింద ఉండె, తీసేసిన. కవర్ పరీక్ష పెట్టిన, గోడ దిక్కే తడి వచ్చింది. బాబును ముందు రూముల పండవెడుతున్నం, డాక్టర్ దగ్గరికి రేపు పోతున్నం. ఓనర్‌కు ఎట్ల చెప్పాల్నో అర్థమైతలేదు, కొట్లాడితే ఖాళీ చేయమంటడేమో.

కాజీపేట_సైట్_ఇంజనీర్:

కొట్లాట వద్దక్కా. కవర్ వెనుక నీటి చుక్కల ఫోటో తీసి తారీఖుతోని వాట్సాప్‌ల పంపండి, డాక్టర్ చీటీల చెమ్మ సంగతి రాస్తే అది కూడా పెట్టండి. ఇప్పుడు చేపిస్తే ఒక్క గోడ ప్లాస్టర్, వదిలేస్తే ప్లింత్, అంటే గోడల కింది పునాది కట్టు దాక పోయి ఇనుము తుప్పు పడ్తదని చెప్పండి, ఇల్లు ఆయనది కాబట్టి ఆ మాట వింటడు. ఇంగ్లండ్‌ల రోచ్‌డేల్ అనే ఊర్ల 2020ల రెండేండ్ల బాబు ఇంట్ల బూజు వల్లనే చనిపోయిండని విచారణల తేలింది, ఆ బాబు పేరు మీద అక్కడ చట్టమే తెచ్చిన్రు. మన దగ్గర అసొంటి చట్టం లేదు, మనమే అడిగి చేపించుకోవాలె. అయినా వినకపోతే వేరే ఇల్లు చూసుకోండి, ఈసారి చూసేటప్పుడు బీరువాల వెనుక, సింక్ కింద చెయ్యి పెట్టి చూడండి, కొత్త పెయింట్ వాసన వస్తే ఇంకింత గట్టిగ చూడండి.